పాత నవలను మన రోజుతో కలిపి చదవడం ఎలా

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పదహారేళ్లయింది. ఏటా ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ ప్రశ్న వస్తుంది: ఫలానా నవల ఇతివృత్తాన్ని నేటి విద్యార్థి జీవితానికి అన్వయించి రాయండి. పేపర్లు దిద్దడానికి కూర్చుంటే కట్టలో చాలావరకు ఒకే వాక్యంతో మొదలవుతాయి. "నేటి సమాజంలో కూడా ఇలాంటి వారిని మనం ఎందరినో చూస్తున్నాము." ఆ తర్వాత కథ, కథ తర్వాత రచయిత గొప్పతనం, అంతటితో సరి.

నాకు బాధ ఎక్కడంటే, అదే పిల్లలు సాయంత్రం బస్టాప్‌లో నా పక్కన నిలబడి చెప్పే సంగతుల్లో నవలకు సరిపడా సరుకు ఉంటుంది. అన్నయ్యని చదువు మాన్పించి తనని చదివిస్తున్నారని ఒకరు. రూమ్మేట్‌కి అప్పిచ్చి మొహమాటంతో అడగలేకపోతున్నానని ఒకరు. బ్యాక్‌లాగ్ ఉన్న సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదని ఒకరు. ఈ మాటలు బస్టాప్‌లోనే ఉండిపోతాయి, నవల పరీక్ష హాల్లో ఉండిపోతుంది. రెంటినీ ఎలా కలపాలో వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చూపించలేదు. నా క్లాసులో నేను ఎలా చేయిస్తానో ఇక్కడ రాస్తున్నాను. పరీక్ష కోసం చదివేవాళ్లకీ, పరీక్షతో పనిలేకుండా నవల ముగించి "ఇందులో నాకేముంది" అనుకునేవాళ్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

ముందు పుస్తకం

కథానాయకుడు మీ వయసువాడైతే సగం పని తేలికవుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం 1924లో వచ్చింది. అందులో మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండుకు బయల్దేరతాడు. కొడవటిగంటి కుటుంబరావు గారి చదువులో సుందరం అనే పిల్లవాడు మన కళ్లముందే పెరిగి పెద్దవాడవుతాడు. బుచ్చిబాబు గారి చివరకు మిగిలేదిలో దయానిధి, డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులులో ప్రకాశం ఇద్దరూ మెడిసిన్ చదివేవాళ్లే. గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు విద్యార్థి కాడు. అయినా హాస్టల్లో ఉండే పిల్లలకి అందరికంటే దగ్గరగా వచ్చేది అతనే.

మొదటిసారి చదివేవాళ్లకి విశ్వనాథ సత్యనారాయణ గారి పెద్ద నవల వేయిపడగలు వద్దంటాను. గొప్ప నవల కాదని కాదు. సెమిస్టర్ మధ్యలో మొదలుపెట్టి వంద పేజీల దగ్గర వదిలేసిన పిల్లల్ని చూశాను. వదిలేశామన్న దిగులు వాళ్లని తర్వాత ఇంకో పుస్తకం ముట్టనివ్వలేదు. పార్వతీశంతో మొదలుపెడితే ఆ భయం ఉండదు.

రోజుకి ఇరవై పేజీలు చాలు. కథాసారం ముందే చదవొద్దు. యూట్యూబ్‌లో పది నిమిషాల్లో కథ చెప్పే వీడియోలు చూస్తే కథ తెలుస్తుంది గానీ, మనకు కావలసింది కథలో చిన్న చిన్న చోట్లు. అవి వీడియోలో ఉండవు.

చిరాకు వచ్చిన చోట చీటీ పెట్టండి

నచ్చిన చోట గుర్తు పెట్టుకోమని అందరూ చెబుతారు. నేను చిరాకు వచ్చిన చోట పెట్టమంటాను. "ఛ, వీడు ఆ ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదిగా" అని పుస్తకం మూసేయబుద్ధయిన పేజీ ఉంటుంది చూడండి, అక్కడ. లైబ్రరీ పుస్తకం మీద పెన్సిల్ గీతలు వద్దు. బస్సు టికెట్టు ముక్క పెట్టండి చాలు. పుస్తకం అయ్యేసరికి పది పన్నెండు ముక్కలు ఉంటాయి. వాటిలో మూడు ఎంచుకోండి, మిగతావి తీసేయండి.

చిరాకే ఎందుకంటే, మనకు సంబంధం లేని మనిషి మీద మనకు చిరాకు రాదు. అల్పజీవిలో సుబ్బయ్యని చూసి ఒక కుర్రాడు క్లాసులో లేచి "ఇంత పిరికివాడి గురించి నవల రాయడం ఎందుకు మేడమ్" అని అడిగాడు. కోపంగానే అడిగాడు. ఆ కుర్రాడు రెండేళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో నోరు విప్పలేదు. రావిశాస్త్రి గారి గుమాస్తా అతన్ని మొదటిసారి మాట్లాడించాడు.

పదాన్ని పనిగా మార్చండి

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. గైడ్లలో ఇతివృత్తం ఒక పదంగా ఉంటుంది. అసమర్థత. పిరికితనం. స్త్రీ స్వేచ్ఛ. నిరుద్యోగం. ఈ పదాలు పట్టుకుని మీ జీవితంలో వెతికితే ఏమీ దొరకదు. "నాలో అసమర్థత ఉందా" అని ఎవరైనా తమని తాము ప్రశ్నించుకుంటే ఉందనో లేదనో జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఆ పదాన్ని పక్కన పెట్టి, ఆ పేజీలో ఆ మనిషి ఏం చేస్తున్నాడో ఒక్క వాక్యంలో రాయండి. పేరు లేకుండా రాయండి. వాక్యం చివర క్రియ ఉండాలి.

సీతారామారావునే తీసుకుందాం. తండ్రి పోతూ వంశ గౌరవం నిలబెట్టమని చెప్పిపోతాడు. కొడుకు ఉన్న ఆస్తి అడిగినవాళ్లకల్లా ఇచ్చుకుంటూ పోతాడు, చివరికి ఏమీ మిగలదు. అతను తెలివితక్కువవాడు కాదు. ఆలోచించడం బాగా వచ్చినవాడు. ఏ పనికైనా ముందు దాని మంచిచెడ్డలు లోపల్లోపల వాదించుకుంటాడు, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో కూడా తనే ఊహించుకుంటాడు, ఆ ఊహకి కోపం తెచ్చుకుంటాడు. దీన్ని అసమర్థత అంటే పరీక్షకి సరిపోతుంది. నేను మాత్రం ఇలా రాయిస్తాను: "చేయాల్సిన పని గురించి ఆలోచించి ఆలోచించి, ఆ పని చేసినంత అలసిపోయాడు."

ఈ వాక్యం నేను క్లాసు కోసం తయారు చేసింది కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను లెక్కల్లో ఫెయిలయ్యాను. మా నాన్నకి సైకిల్ షాపు ఉండేది. మార్కుల మెమో ఇంటికి తెచ్చి అమ్మ కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల కింద పెట్టాను. రాత్రి పడుకున్నాక నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచించేదాన్ని. ముందు ఏ మాట అనాలి, ఆయన ఏమంటారు, దానికి నేనేం చెప్పాలి. ఆయన నన్ను తిట్టినట్టు ఊహించుకుని ఆయన మీదే కోపం పెంచుకున్నాను. పాపం ఆయనకి మెమో వచ్చిన సంగతే తెలియదు. ఇలా మూడు వారాలు గడిచాయి. ప్రతి పొద్దునా ఒళ్లు హూనమైనట్టు లేచేదాన్ని.

ఆ రోజుల్లోనే మా ఊరి శాఖా గ్రంథాలయంలో అసమర్థుని జీవయాత్ర చేతికొచ్చింది. సగం చదివి ఇంక చదవలేకపోయాను. సీతారామారావు మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. లైబ్రరీ బల్ల మీద పుస్తకం బోర్లా పెట్టేసి నేరుగా షాపుకి వెళ్లాను. నాన్న పంక్చర్ వేస్తున్నారు. ట్యూబుని నీళ్ల తొట్టెలో ముంచి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తున్నారు. నేను తల వంచుకుని ఆ బుడగల్నే చూస్తూ "నాన్నా, లెక్కల్లో పోయింది" అన్నాను. బుడగ వచ్చిన చోట బొటనవేలు అదిమి పెట్టి, ట్యూబు పైకి తీసి తుడిచి, "మళ్లీ రాయడానికి డబ్బులు ఎప్పటిలోగా కట్టాలి?" అని అడిగారు. గడువు నాలుగు రోజుల క్రితమే అయిపోయింది. అపరాధ రుసుముతో కట్టాం. ఆ డబ్బు ఆయనకి రెండు రోజుల సంపాదన.

ఇందులో నాకూ సీతారామారావుకీ పోలిక "అసమర్థత" కాదు. నేను అసమర్థురాలిని కాను, సప్లిమెంటరీలో పాసయ్యాను. పోలిక ఆ పనిలో ఉంది: ఆలోచనతోనే అలసిపోవడం, ఇంకా అనని మాటకి ఎదుటివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం. పనిని పట్టుకుంటే పోలిక దానంతట అదే దొరుకుతుంది.

పార్వతీశానికీ ఇదే చేసి చూడండి. గైడులో "పల్లెటూరి అమాయకత్వం" అని ఉంటుంది. పార్వతీశం మద్రాసులో టోపీ కొనుక్కుంటాడు. అది ఆడవాళ్లు పెట్టుకునే టోపీ అని అతనికి తెలియదు. అక్కడ అతను చేసిన పని ఏమిటి? "తెలియదని చెప్పడానికి మొహం చెల్లక, తెలిసినట్టే నడుచుకున్నాడు." ఇప్పుడు ఈ వాక్యం పట్టుకుని మీ కాలేజీ మొదటి వారం గుర్తుకు తెచ్చుకోండి. మా ఫస్టియర్ కుర్రాడొకడు తెలుగు మీడియం నుంచి వచ్చాడు. ల్యాబ్‌లో సార్ ఇంగ్లిష్‌లో "అర్థమైందా" అని అడిగితే అందరితో పాటు తలూపాడు. రెండు నెలలు ఊపుతూనే ఉన్నాడు. రికార్డు పక్కవాడిది చూసి రాశాడు, వైవాలో నోరు పెగల్లేదు. ఈ వాక్యం బోర్డు మీద రాసినప్పుడు అతను నోట్సులో ఒక్కటే మాట రాసుకున్నాడు: "తలూపడం." అంతకంటే మంచి అన్వయం నేను చూడలేదు.

మీ వారంలో ఒక్క గంట

పని తెలిసాక, మీ జీవితం మొత్తం వెతకొద్దు. గత వారం రోజుల్లో ఒక్క గంట వెతకండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఎదురుగా ఎవరున్నారు, చేతిలో ఏముంది. ఇవి రాయలేకపోతే అది ఇంకా మీ అనుభవం కాదు, ఎక్కడో విన్న మాట. "నేటి విద్యార్థులు సెల్‌ఫోన్లకు బానిసలయ్యారు" అన్నది విన్న మాట. "మంగళవారం రాత్రి పదకొండింటికి అకౌంటెన్సీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో ఫ్రెండ్ స్టేటస్ ఎవరెవరు చూశారో నలభై నిమిషాలు చూశాను" అన్నది అనుభవం. రెండోది రాసిన అమ్మాయికి ఆ వాక్యం రాయడానికి వారం పట్టింది. సిగ్గేసిందట. సిగ్గేసిందంటే సరైన గంట దొరికినట్టే.

ఇంట్లో గొడవలు, ఎవరికీ చెప్పుకోలేని సంగతులు క్లాసు నోట్సులో రాయక్కర్లేదు. అవి ఇంట్లో మీ సొంత పుస్తకంలో రాసుకోండి. టీచర్‌కి చూపించేదానికి ఇంకో గంట ఎంచుకోండి. ఇది నేను ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెబుతాను.

కలవని చోటు కూడా రాయాలి

అన్వయించమంటే పిల్లలు అంతా ఒకటే అని చూపించడానికి తంటాలు పడతారు. నవలకీ మనకీ మధ్య తేడా ఎక్కడుందో చూస్తేనే నవల బాగా కనిపిస్తుంది.

చదువు నవలలో సుందరం పెరిగే కాలం మొదటి ప్రపంచ యుద్ధం, సహాయ నిరాకరణ, ఆ తర్వాత ఆర్థిక మాంద్యం. చదువుకుంటే బతుకు బాగుపడుతుందన్న నమ్మకంతో ఇంట్లో వాళ్లు పంపిస్తారు, బయటికొచ్చేసరికి ఆ చదువుకి విలువ కట్టేవాళ్లు లేరు. కుటుంబరావు గారు 1909లో తెనాలిలో పుట్టారు. ఆయనే బెనారస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ మాంద్యం దెబ్బకి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. మా పిల్లలు దీన్ని చదవగానే "ఇప్పుడూ అంతే, ఉద్యోగాలు లేవు" అంటారు. నేను అక్కడ ఆపి ఒకటే అడుగుతాను: సుందరం కాలంలో ఊరికి ఎంతమంది కాలేజీకి వెళ్లేవాళ్లు, మీ వీధిలో ఇప్పుడు ఎంతమంది వెళ్తున్నారు? అప్పుడు కాలేజీ మొహం చూసినవాడే తక్కువ. ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్‌కి ఒకే గదిలో మూడొందల మంది కూర్చుంటున్నారు. సుందరానికి తనలాంటివాళ్లు చుట్టూ కనిపించరు, మనకు మనలాంటివాళ్లే చుట్టూ కనిపిస్తారు. ఆ రెండు దిగుళ్లూ ఒకటేనా? ఈ ప్రశ్న దగ్గర క్లాసులో మంచి వాదన నడుస్తుంది. నేను జవాబు చెప్పను.

పోల్చకూడని చోటు ఒకటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లిని జైల్లో ఉండగా రాశారు. అది 1922లో వచ్చింది, తర్వాత అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందులో దళిత కుర్రాడు సంగదాసు తను పనిచేసే భూస్వామి చేతిలోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. ఒకసారి ఒక కుర్రాడు హాస్టల్లో ఫోన్ లాక్కోవడాన్ని మాలపల్లితో పోల్చి రాశాడు. అతన్ని క్లాసులో ఏమీ అనలేదు. స్టాఫ్‌రూమ్‌కి పిలిచి, ఆ బ్యాచ్‌లోనే వేసవి సెలవుల్లో మిరపకాయల కోతకి వెళ్లొచ్చి ఫీజు కట్టుకునే పిల్లలున్నారని, వాళ్లు ఈ పేజీ వింటే ఏమనుకుంటారో ఆలోచించమని చెప్పాను. అతను రెండో రోజు ఇంకో పేజీ తెచ్చాడు. వాళ్ల పొలంలో పనిచేసే ఆయనకి ఇంట్లో వేరే గ్లాసులో టీ ఇస్తారని, ఆ గ్లాసు గోడ మీద బోర్లించి ఉంటుందని, తను రోజూ దాన్ని చూస్తూ ఎప్పుడూ చూడలేదని. మాలపల్లిని అతను సంగదాసు వైపు నుంచి కాకుండా తను నిలబడ్డ వైపు నుంచి చదివాడు. మనం ఎప్పుడూ బాధపడేవాళ్ల పక్కనే ఉంటామని అనుకుని చదువుతాం. కొన్ని నవలల్లో మనం అవతలి పక్కన ఉంటాం. ఆ సంగతి ఒప్పుకుని రాయడం చాలా కష్టం, కానీ అలా రాసిన పేజీకి నేను మార్కులు దాచుకోను.

పేరా ఎలా మారుతుందో

కాలాతీత వ్యక్తులు 1957–58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా సెకండియర్ బీకాం అమ్మాయి దాని మీద మొదట ఇలా రాసింది: "ఇందిర పాత్ర ద్వారా రచయిత్రి స్త్రీ స్వేచ్ఛను చక్కగా చిత్రించారు. నేటి సమాజంలో కూడా స్త్రీలు అన్ని రంగాలలో రాణిస్తున్నారు."

నేను పక్కన కూర్చోబెట్టుకుని, చీటీ ఎక్కడ పెట్టావమ్మా అని అడిగాను. ఇందిర మాట్లాడే తీరు నచ్చలేదంది. మరీ ఇంత తెగింపా అనిపించిందట. సరే, ఇందిర ఇంట్లో డబ్బు ఎవరు తెస్తారు అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడింది. మర్నాడు తెచ్చిన పేరా, ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను:

"ఇందిర సంపాదిస్తుంది. తండ్రి ఆనందరావు ఆ సంపాదన మీద బతుకుతాడు. నేను సాయంత్రం ఆరుగురు పిల్లలకి ట్యూషన్ చెబుతాను. ఒక్కొక్కరు నెలకి 300 ఇస్తారు. ఆ 1,800 అమ్మ బియ్యం డబ్బా కింద పెడుతుంది. గ్యాస్ బండ నా డబ్బుతోనే వస్తుంది. కాలేజీ టూర్‌కి పంపాలా వద్దా అన్నప్పుడు మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. ఇందిర తనకి కావలసింది పైకి చెబుతుంది. నేను చెప్పను. ఇందిర మీద నాకు కోపం వచ్చింది అందుకేనేమో. ఒక తేడా ఉంది. మా నాన్న ఆనందరావు లాంటివాడు కాదు, రోజంతా ఆటో నడుపుతాడు. అయినా అడగలేదు."

ఇందులో ఏ వాక్యం ఏం చేస్తోందో చూడండి. మొదటి రెండు నవలలో జరిగేది చెబుతాయి, పొగడ్త లేదు. తర్వాతవి లెక్కలతో సహా ఆమె గంట. ఆ తర్వాత కలిసిన చోటు, కోపానికి కారణం. చివరి మూడు తేడా. ఆ "అయినా అడగలేదు" దగ్గర ఇందిర కథ ఈ అమ్మాయి ఇంట్లోకి వచ్చేసింది. "స్త్రీ స్వేచ్ఛ" అన్న మాట పేరా మొత్తంలో ఎక్కడా లేదు.

పరీక్షలో రాసేటప్పుడు ఇంత సొంత సంగతి రాయడానికి భయంగా ఉంటే "ఒక విద్యార్థిని" అని మార్చి రాయండి, లెక్కలు మాత్రం తీసేయకండి. పది మార్కుల ప్రశ్నకి కథ నాలుగు వరసలు మించొద్దు. నవల పేరు, రచయిత పేరు, పాత్రల పేర్లు తప్పు లేకుండా రాయండి. దిద్దేవాళ్లు ముందు చూసేది అవే.

నోట్సు పేజీ పైన తారీఖు వేయడం మరిచిపోవద్దు. పోయినేడాది ఫైనలియర్ కుర్రాడొకడు తను ఫస్టియర్‌లో సుందరం మీద రాసిన పేజీ బయటికి తీశాడు. "వీడు బాగా చదవలేదు, అందుకే ఉద్యోగం రాలేదు" అని ఉంది. అప్పటికి అతను రెండు నోటిఫికేషన్లకి అప్లై చేసి, ఒక పరీక్ష రాసి, ఇంకోటి వాయిదా పడి కూర్చున్నాడు. ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. కింద కొత్త తారీఖు వేసి, పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. బెల్లు కొట్టాక కూడా లేవలేదు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.